చెవిలో చెప్పిన పేరు

"ఇవాళ పుతలిని మేకతో పంపొద్దు ఆమా. పొద్దున్నించీ కుడి కన్ను అదురుతోంది" అన్నాను.

నన్ను బుహారీ, అంటే కోడలా, అని పిలిచే మా అత్తగారు అరుగు మీద కూర్చుని మొక్కజొన్న కండెలు ఒలుస్తున్నారు. తల ఎత్తలేదు.

"నీ కన్ను అదరని రోజేదో చెప్పు బుహారీ, ఆ రోజు దేవీ గుళ్లో గంట కట్టిస్తాను. మొన్న వాన పడితే కొండ జారుతుందన్నావు. నిన్న వాన ఆగితే చేను ఎండుతుందన్నావు. ఇవాళ కన్ను."

"చిరుత తిరుగుతోందంటున్నారు. పై వాడలో కుక్కను ఎత్తుకుపోయింది."

"కుక్కను తిన్న చిరుత కడుపు నిండి పడుకుని ఉంటుంది. పట్టపగలు మనుషుల మధ్యకి వచ్చేంత తీరిక దానికెక్కడిది."

పుతలి అప్పటికే తాడు చేతికి చుట్టుకుని గుమ్మంలో నిలబడింది. తొమ్మిదేళ్ల పిల్ల. "నేను కింది గట్టు దాటనమ్మా. చమేలీ తాడు వదలను. ఒట్టు" అంది.

చమేలీ అంటే మేకపిల్ల. ఆ పేరు పుతలి పెట్టిందే. పేరు పెడితే గాని దానికి ఏ వస్తువూ కంటికి ఆనదు. కుంటి కోడికో పేరు, పొయ్యి ఊదే గొట్టానికో పేరు. రోజంతా అడుగుతూనే ఉంటుంది. అదెవరు, వాళ్ల పేరేమిటి, ఆ పేరెందుకు పెట్టారు. బడిలో దాని పేరు ప్రకృతి. ఇంట్లో పుతలి, మా భాషలో సీతాకోకచిలుక. ఒకచోట నిలవదని అలా పిలుస్తాం.

తాడు వదలనంది. వదల్లేదు కూడా.

మధ్యాహ్నం నేను పొయ్యి మీద ఢిండో సంకటి కలుపుతుండగా మేకపిల్ల అరుపు ఒక్కటి వినిపించింది. సగంలో తెగిపోయింది. గరిటె అలాగే పొయ్యి మీద వదిలి పరిగెత్తాను. మెట్లు మెట్లుగా దిగే మా పొలంలో ఆఖరి గట్టు మీద పుతలి నిలబడి ఉంది. దాని చేతిలో తాడు ఉంది. తాడు చివర మేక లేదు. ముందు మొక్కజొన్న చేను ఇంకా కదులుతూనే ఉంది, లోపల ఏదో దారి చేసుకుని పోతున్నట్టు.

పుట్టి, పేరు పెట్టే న్వారాన్ జరిగిన నాటి నుంచి ఒంట్లో కూడిన బలమంతా తెచ్చుకుని అరిచాను. ఊళ్లోవాళ్లు కొడవళ్లతో, డబ్బాలతో వచ్చారు. పుతలి ఒంటి మీద గీరు కూడా లేదు. ఏడవలేదు. నేను ఎత్తుకుంటే మెడ చుట్టూ చెయ్యి కూడా వెయ్యలేదు. తాడు మాత్రం గట్టిగా పట్టుకుని ఉంది.

ఆ క్షణం నుంచి అది మాట్లాడలేదు.

మొదటి రోజు భయం అనుకున్నాం. రెండో రోజు హెల్త్ పోస్టుకి తీసుకెళ్లాను. అక్కడి సిస్టర్ మంచి పిల్ల. గొంతులో లైటు వేసి చూసింది, చెవులు చూసింది, నాలుక చాపమంటే పుతలి చాపింది.

"దెబ్బేం లేదు దిదీ. బెదిరింది. మాట్లాడు మాట్లాడు అని వెంటపడకండి. మామూలుగా ఉండండి. కొన్నాళ్లు చూసి, రాకపోతే పోఖరాలో డాక్టరుకి రాసిస్తాను."

మామూలుగా ఉండండి అన్నది. అలా ఎలా ఉండాలో కూడా చెప్పి ఉంటే బాగుండేది. తిరుగుదారిలో నా మనసు అప్పుడే పదేళ్లు ముందుకు పోయింది. మూగపిల్లని బడిలో ఏడిపిస్తారు. అడవికి గడ్డికి పోతే కేక వెయ్యలేదు. నిప్పంటుకుంటే పిలవలేదు. నేను పోయాక దీనికి ఆకలేస్తోందని ఎవరికి తెలుస్తుంది. ఇల్లు చేరేలోపు నేను రెండుసార్లు రాయి తన్నుకుని పడబోయాను. అది మాత్రం తాడు చుట్టుకుని నా పక్కన నింపాదిగా నడిచింది.

అత్తగారు దాన్ని దగ్గరికి తీసుకుని, "దసరా లోపల ఇంకో మేకపిల్లని తెచ్చుకుందాం. పేరు నువ్వే పెట్టు. ఏం పెడతావు?" అన్నారు.

పుతలి ఆవిడ నోటి వంక చూసింది. అంతే.

పక్కింటి సుభద్రా దిదీ మజ్జిగ చెంబుతో వచ్చి, పిల్ల కళ్లలోకి తొంగి చూసింది.

"దీనికి సాతో పోయింది. కనబడ్డం లేదూ? ఒంట్లో ప్రాణముంది గాని ప్రాణానికి తోడుండేది బెదిరి ఎక్కడో ఆగిపోయింది. రణసూర్‌ని పిలిచి వెనక్కి రప్పించండి."

"నీకెలా తెలుసు?" అన్నారు అత్తగారు. ఊరంతా ఆవిడని బజై, అంటే నాయనమ్మ, అంటారు.

"నాకూ పోయింది బజై. పెళ్లినాడు ముసుగు తీసి మా ఆయన మొహం చూశాను, అప్పుడు పోయింది. ఇంకా రాలేదు."

ఎన్నో రోజుల తర్వాత అత్తగారు నవ్వారు. నేను నవ్వలేదు. పుతలి నవ్వుతుందేమోనని దాని పెదాల వంకే చూస్తున్నాను.

రణసూర్ పగలు రాతిగోడలు కట్టే మేస్త్రీ. పిలిచినప్పుడు ఝాక్రీ, అంటే భూతవైద్యుడు. సంచిలో తాపీ, తూకపు గుండు ఒక పక్క, పూజ సామాను ఒక పక్క. వచ్చి పుతలి మణికట్టు పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు.

"న్వారాన్ పేరు చెప్పండి" అన్నాడు.

నేను అత్తగారి వంక చూశాను.

"బడిలో ప్రకృతి" అంది సుభద్రా దిదీ.

"బడి పేరు బడివాళ్లకి. ఇంటి పేరు కూడా వద్దు. బెదిరి పరిగెత్తే ప్రాణం తర్వాత తగిలించిన పేర్లన్నీ దారిలో పారేసి పోతుంది. మొట్టమొదట చెవిలో పడ్డదొక్కటే దానికి గుర్తుంటుంది. ఆ పేరుతోనే పిలవాలి. పేరు లేకుండా పిలిస్తే ఊరందరి ప్రాణాలూ తలెత్తి చూస్తాయి, ఇదొక్కటి తప్ప."

"నాకు తెలియదు" అన్నాను.

"కన్నతల్లివి, నీకు తెలియదా?"

తెలియదు. పుతలి పుట్టడానికి ముందరి ఫాల్గుణంలో మా మామగారు పోయారు, భాద్రపదంలో పుతలి పుట్టింది. మా ఆయన అప్పటికే కరెంటు కోసం కొండ తొలిచే సొరంగాల పనిలో ఉన్నాడు, దారులు తెగి రాలేకపోయాడు. పదకొండో రోజున న్వారాన్ చేస్తుంటే నాకు ఒళ్లు తెలియని జ్వరం. అత్తగారే పిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. పండిత్ బాజె చెవిలో పేరు చెప్పాడు. సాయంత్రం అత్తగారు పిల్లను నా పక్కన పడుకోబెట్టి, "పేరు చెప్పనా?" అని అడిగారు.

"వద్దు ఆమా. నా నోరు నిలవదు. ఎక్కడన్నా జారి పడనివాళ్ల చెవిన పడితే, ఆ పేరు మీద ఏదన్నా చేస్తే" అన్నాను. మావైపు ఆ పేరును ఎవరైనా అంత భద్రంగానే దాస్తారు. నేను ఇంకాస్త భద్రంగా దాచాను. చీనా, అదే జాతకం, పెళ్లి మాటలు వచ్చినప్పుడు రాద్దామన్న పండిత్ బాజె మరుసటేడు పోయాడు.

"అయితే ఒళ్లో పెట్టుకున్న మనిషికి తెలుసుగా" అని రణసూర్ అత్తగారి వైపు తిరిగాడు. "నీ ఒళ్లో ఉండగా విన్న పేరు. నువ్వే పిలిస్తే ఇంకా మేలు బజై."

అత్తగారు లేచి కండెల బుట్ట లోపలికి తీసుకుపోయారు.

నేను వెనకాలే వెళ్లాను. "ఆమా, పేరు."

"ఆ పేరు ఊరికే అనుకోవడానికి కాదు. పెళ్లి పీట మీద కావాలి. పూజలో సంకల్పానికి కావాలి. పోయాక పిండానికి కావాలి. అంతే."

"మధ్యలో బతకడానికి అక్కర్లేదా?"

బుట్ట అప్పటికే ఉండాల్సిన చోట ఉంది, మళ్లీ జరిపారు.

ఆ సాయంత్రం రణసూర్ చేతనైనంత చేశాడు. నేను గడప దగ్గర నిలబడి దాని గౌను పట్టుకుని, పుతలీ రా, ప్రకృతీ రా అని పిలిచాను. కుంటి కోడి వచ్చింది. పుతలి పొయ్యి దగ్గర కూర్చుని తాడు చివర పోగులు విడదీస్తూ ఉంది.

మర్నాడు పండిత్ బాజె కొడుకు దగ్గరికి వెళ్లాను. పుట్టిన వేళ చెప్పించుకుని, వేళ్లు లెక్కపెట్టి, "మొదటి అక్షరం య" అన్నాడు.

"మిగతాది?"

"మిగతాది మా నాన్న నోట్లోంచి వచ్చింది. నా వేళ్ల మీద ఎందుకుంటుంది?"

ఇంటికొచ్చి ఆ సంగతి చెబితే సుభద్రా దిదీ నడుం బిగించింది. పిల్ల ఎదురుగా మఠం వేసుకుని కూర్చుని, "యశోదా" అంది. పుతలి చూడలేదు. "యమునా. యామకుమారీ. యోగమాయా."

"యోగమాయలో యో కదా దిదీ."

"దగ్గర్లోదే కదా, తిరిగి చూస్తుందేమోనని. యశస్వినీ. యక్షిణీ."

"యక్షిణి అని మనిషికి పెడతారా ఎవరన్నా?" అన్నాను.

"మా ఆడపడుచుకి పెట్టాల్సింది. మరిచిపోయారు."

అరుగు మీద అత్తగారు మాత్రం ఒక్కో పేరుకీ తల కొంచెం కొంచెం దించుకున్నారు. సుభద్రా దిదీ యాదవీ అన్నప్పుడు ఆవిడ చేతిలో కండె జారి పడింది. ఇంకో పేరు వస్తుందేమోనని వింటున్నట్టున్నారు. వస్తే బాగుండునని వింటున్నారో, రాకూడదని వింటున్నారో నాకు తెలియలేదు.

మా ఆయనకి ఫోన్ చేశాను. సొరంగంలోంచి బయటికి వచ్చాక గాని దొరకడు.

"ఆమానడుగు" అన్నాడు. "నాకప్పుడు ఫోన్‌లో చెప్పమంటే, ఫోన్‌లో పేరు చెబితే తీగ పొడుగునా అందరూ వింటారంది."

"అడిగాను. నోరు విప్పడం లేదు."

"ఫోన్ ఇవ్వు."

ఇచ్చాను. అత్తగారు ఫోన్ చెవికి రెండు చేతులా పట్టుకున్నారు. "తిన్నావా? సొరంగంలో నీళ్లు రావడం లేదు కదా? తలకి ఆ గిన్నె పెట్టుకుంటున్నావా?" అన్నారు. అవతల ఆయన ఏదో అడిగాడు. ఆవిడ విన్నారు. వింటూ వింటూ ఫోన్ నా చేతికిచ్చి, "నెట్‌వర్క్ పోయింది" అన్నారు.

ఫోన్‌లో మా ఆయన ఇంకా, ఆమా, ఆమా అంటూనే ఉన్నాడు.

ఆ రోజు నుంచి నాకు కొత్త భయం పట్టుకుంది. ఆవిడ మరిచిపోయి ఉండాలి, ఒప్పుకోవడానికి నామోషీ. లేదా ఆ పేరులోనే ఏదో దోషముంది, పండిత్ బాజె ఏదో చెప్పాడు, నా దగ్గర దాస్తున్నారు. పిల్ల తొమ్మిదో ఏట మూగదవుతుందని చెప్పి ఉంటాడా? ఒకసారి అలా అనుకున్నాక వేరేగా అనుకోవడం చేతకాలేదు. అన్నం వడ్డిస్తూ ఆవిడ మొహం వంక చూసేదాన్ని. ఆవిడ పళ్లెం వంక చూసేవారు.

మా అత్తగారి మాటతీరు ఒకటి చెప్పాలి. దసరాకి పెద్దవాళ్లు నుదుట టీకా పెడతారు కదా, ఆవిడ ఎంతమందికి పెట్టినా ఆ మాట అనరు, నుదుటి అక్షతలు అంటారు. ఎందుకంటే మా మామగారిని ఊరంతా టీకారామ్ అని పిలిచేది. భర్త పేరులో ముక్క కూడా నోట రాకూడదు. నేను రాస్తున్నాను గాని పైకి అనను. అది నాకు తెలిసిందే. ఇంకోటి కూడా ఉంది. బడి కప్పు కోసం ఊరు ఊరంతా కలిసి పెద్ద యజ్ఞం చేయించినప్పుడు, ఆవిడ దాన్ని బడి పూజ, బడి పూజ అనేవారు. అదెందుకో నాకు తట్టలేదు. చదువుకోని మనిషి, తోచినట్టు అంటున్నారనుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం వాన. అత్తగారు పుతలికి ఆవనూనె రాసి జడ వేస్తున్నారు. పుతలి ఒళ్లో తాడు ఉంది. నిద్రపోయేటప్పుడు కూడా తీయనివ్వడం లేదు.

నేను పొయ్యి దగ్గర్నుంచి లేచి వెళ్లి ఎదురుగా కూర్చున్నాను.

"ఆమా, మరిచిపోతే మరిచిపోయానని చెప్పండి. నేనేమీ అనను. పోఖరాకే తీసుకుపోతాను."

"మరవడమా" అన్నారు. "రోజూ దీపం పెట్టేటప్పుడు తలుచుకుంటాను."

"దోషమేదన్నా ఉందా అందులో?"

"ఛ."

"మరి చెప్పండి."

"చెప్పలేను."

"ఎందుకు చెప్పలేరు?"

జడ పాయలు మూడూ ఆవిడ వేళ్ల మధ్య ఆగిపోయాయి. అడగడమే తప్పేమోనని లేవబోయాను.

"ఆయన పేరుంది అందులో" అన్నారు.

నాకు వెంటనే అర్థం కాలేదు.

"మీ మామగారి న్వారాన్ పేరు. ఊరు పిలిచేది కాదు, అసలుది. అదే నక్షత్రం, అదే పాదం. పండిత్ బాజె లెక్క వేస్తూ వేస్తూ వేళ్లు ఆపి నా వంక చూశాడు. 'వెళ్లిన మనిషి పట్టుమని ఏడాది కూడా బయట ఉండలేకపోయాడు బజై' అన్నాడు. ఆ పేరుకే ఆడపిల్ల తోక తగిలించి దీని చెవిలో చెప్పాడు. నేను తల వంచుకుని విన్నాను. వినొచ్చు కదా. అనకూడదు గాని."

"పోయిన మనిషి కదా ఆమా. ఇంకా ఏం ఆయుష్షు తగ్గుతుంది?"

"పోయాడు కాబట్టే. బతికుండగా నోరు జారి ఉంటే ఎదురుగా ఉండి క్షమించేవాడు. ఇప్పుడెవరినడగను?"

నా భయాలన్నీ ఒక్కసారిగా వదులయ్యాయి, వదులై మళ్లీ ఇంకోచోట ముడిపడ్డాయి. ఈవిడ పధ్నాలుగో ఏట ఈ ఇంటికొచ్చారు. ఊరివాళ్ల ముందు, పన్ను కట్టే చోట, ఆఖరికి ఆయన శవం పక్కన కూడా ఆ పేరు అనలేదు. ఇప్పుడంటారా?

"అయితే నాకు చెప్పొద్దు. సూచనగా చెప్పండి, నేను పిలుస్తాను."

"నువ్వు మాత్రం కోడలివి కాదూ? మామగారి పేరు అంటావా?"

"అంటాను. నరకానికి పోవాలంటే పోతాను. దీన్ని మాట్లాడించి పోతాను."

"నీకు వేరే నరకమెందుకు బుహారీ, రోజూ ఇంట్లోనే వండుకుని తింటున్నావుగా" అని మళ్లీ జడ వెయ్యడం మొదలుపెట్టారు. కాసేపటికి, "ఒళ్లో పెట్టుకుంది నేను. ఆ రణసూర్ నన్నే పిలవమన్నాడు" అన్నారు. ఎవరితో అన్నారో తెలియదు. పుతలి జడకి ఎర్ర రిబ్బను కట్టి, చివర పళ్లతో బిగించి ముడి వేశారు.

మర్నాడు పొద్దున్నే స్నానం చేసి, నేనివ్వబోయిన టీ వద్దన్నారు. తులసి దగ్గర చాలాసేపు నిలబడ్డారు. పెదాలు కదిలాయి. ఆయన్ని అడుగుతున్నారని నాకు తెలుసు. ఏం జవాబొచ్చిందో ఆ వీపు చూసి చెప్పలేకపోయాను. లోపలికొచ్చి, "రణసూర్‌ని సాయంత్రం రమ్మను" అన్నారు.

"ఎక్కడ బెదిరిందో అక్కడి నుంచి పిలుచుకుంటూ రావాలి. వెనక్కి తిరగకూడదు. తల్లి పిల్లను ఒళ్లో పెట్టుకుని గడప మీద కూర్చోవాలి" అన్నాడు రణసూర్.

"ఆ గట్టు దగ్గరికా? పొద్దుగూకేవేళ?" అన్నాను. "చిరుత తినమరిగిన చోటు అది. ఆమా మోకాళ్లు సరిగా వంగవు. వానకి గట్టంతా బురద."

"నన్ను తింటే దాని పళ్లు పోతాయి" అన్నారు అత్తగారు.

సుభద్రా దిదీ చప్పుడు చెయ్యడానికి ఖాళీ నూనె డబ్బా, కర్ర తీసుకుని వెంట బయల్దేరింది. రణసూర్ గుడ్డ మూటలో బియ్యం కట్టాడు. ముగ్గురూ మెట్లు దిగి మొక్కజొన్న వెనక్కి వెళ్లిపోయారు. నేను పుతలిని ఒళ్లో పెట్టుకుని గడప మీద కూర్చున్నాను. దాని వెన్నెముక నా పొట్టకి తగులుతోంది. ఎంత తేలికైపోయిందో అప్పుడు తెలిసింది.

డబ్బా చప్పుడు చాలాసేపు వినిపించింది. తర్వాత ఆగింది. ఆగితే నాకు ప్రాణం పోయినట్టయింది. అత్తగారు జారిపడి ఉంటారు. లేదా చేను కదిలి ఉంటుంది. లేదా గట్టు దాకా వెళ్లి, నోరు రాక, అలాగే నిలబడిపోయి ఉంటారు. మూడింటిలో ఏది ఎక్కువ చెడ్డదో తేల్చుకోలేకపోయాను.

అప్పుడు కింది నుంచి ఏదో గొణుగుడు వచ్చింది. దాని మీద రణసూర్ గొంతు.

"మేకని అదిలించినట్టుంది బజై. మనిషిని పిలువు."

ఎదుటి కొండ మీద ఒక ఇంట్లో దీపం వెలిగింది.

"యజ్ఞేశ్వరీ" అని వినిపించింది. "యజ్ఞేశ్వరీ, ఇంటికి రా."

నా కూతురి పేరు నేను అలా విన్నాను. బడి పూజ గుర్తొచ్చింది. ఆవిడ ఇన్నేళ్లూ పక్కకి జరుపుతూ వచ్చిన మాట కొండంతా వినేలా పైకి వస్తోంది. మొదట వణికింది. తర్వాత సర్దుకుంది. ఒక్కో మెట్టూ ఎక్కుతూ, ఆయాసపడుతూ, ఆగుతూ, పిలుస్తూ వచ్చారు. "యజ్ఞేశ్వరీ, చీకటి పడుతోంది, రా. యజ్ఞేశ్వరీ, అన్నం చల్లారుతోంది." మలుపు దగ్గర ఆయాసానికి చివర తెగిపోయి, "యజ్ఞేశ్వర్, ఇంటికి రా" అని వినిపించింది. కాసేపు ఏమీ వినిపించలేదు. తర్వాత మళ్లీ పూర్తిగా పిలిచారు.

పిలుపు దగ్గరవుతున్న కొద్దీ పుతలిని ఇంకా దగ్గరికి పొదువుకున్నాను. అది కదల్లేదు.

వాకిట్లోకి వచ్చేసరికి ఆవిడ తెల్లచీర మోకాళ్లదాకా బురద. డబ్బా ఇంకా చేతిలోనే ఉన్న సుభద్రా దిదీ ఏమీ అనడం లేదు. ఆవిడ ఏమీ అనకపోవడం నేను చూడ్డం అదే మొదలు. రణసూర్ మూట విప్పి పిల్ల తల మీద బియ్యం చల్లాడు.

"ఎదురుగా నిలబడి ఇంకొక్కసారి" అన్నాడు.

అత్తగారు వంగలేక నా భుజం పట్టుకున్నారు. చెయ్యి చల్లగా ఉంది. పుతలి మొహానికి మొహం దగ్గరగా పెట్టి, గట్టిగా కాదు, ఇంట్లో మనిషిని పిలిచినట్టు, "యజ్ఞేశ్వరీ" అన్నారు.

పుతలి ఆవిడ వంక చూసింది. రెప్ప వేసింది. చూస్తూనే ఉంది.

లోపల పొయ్యి మీద పాలు పొంగి మాడుతున్న వాసన వచ్చింది. నేను లేవలేదు. సుభద్రా దిదీ నోరు తెరవబోతే రణసూర్ చెయ్యి ఎత్తాడు. అయిపోయింది అనుకున్నాను. ఆ ముసలావిడ మాటా పోయింది, పిల్ల మాటా రాలేదు. రేపు పోఖరా బస్సు ఎన్నింటికో ఎవరినడగాలా అని ఆలోచిస్తున్నాను. అత్తగారి చెయ్యి నా భుజం మీద బరువెక్కింది. పెదాలు బిగించారు. కళ్లలోంచి నీళ్లు దిగుతున్నాయి. పిల్ల కోసమో, అనకూడని మాట అన్నందుకో, ఇన్నేళ్లకి అన్నందుకో. తుడుచుకోలేదు.

పుతలి చేతిలో తాడు ఒక చుట్టు సడలింది. గొంతు సవరించుకుంది. వాడక తుప్పు పట్టిన గొంతు.

"అదెవరు బజై? మన కొత్త మేకా?"